వార్తల్లో పదం: ఫ్రీ ఏజెన్సీ

ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్‌ఎల్)లో గ్రాండ్ ఫైనల్ సాధారణంగా సెప్టెంబరు చివరి శనివారం జరుగుతుంది. అది ముగియగానే క్లబ్బులు జట్టు కూర్పులో పడతాయి. అప్పుడు తరచూ వినిపించే మాట ‘ఫ్రీ ఏజెన్సీ’. ఒప్పందం ముగిసిన సీనియర్ ఆటగాడు తనకు నచ్చిన క్లబ్బుకు వెళ్లే హక్కు ఇది. 2012లో అమల్లోకి వచ్చింది.

ఇందులో రెండు రకాలు. ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ ఆటగాడిని పాత క్లబ్బు ఆపలేదు. ‘రిస్ట్రిక్టెడ్’ అయితే, బయటి క్లబ్బు ఇవ్వజూపిన మొత్తాన్ని తానూ ఇస్తానని పాత క్లబ్బు అడ్డుపడవచ్చు. ఆటగాడిని కోల్పోయిన క్లబ్బుకు పరిహారంగా లీగ్ డ్రాఫ్ట్‌లో అదనపు అవకాశం ఇవ్వవచ్చు. కొత్త ఆటగాళ్లను క్లబ్బులు వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియే డ్రాఫ్ట్.

ఫ్రీ ఏజెన్సీకి పేరొందిన ఉదాహరణ ఆటగాడు లాన్స్ ఫ్రాంక్లిన్. 2013లో హాథార్న్ క్లబ్బును వీడి, 9 ఏళ్లకు సుమారు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల ఒప్పందంతో సిడ్నీ స్వాన్స్‌లో చేరారు. అంత మొత్తానికి హాథార్న్ పోటీ పడలేదు. 2022లో ఆయన 1,000వ గోల్ కొట్టింది సిడ్నీ జెర్సీలోనే.

జీతాలకు గరిష్ఠ పరిమితి ఉన్న లీగ్‌లో క్లబ్బుల మధ్య సమతూకం ఎంత అవసరమో, ఏళ్ల తరబడి చెమటోడ్చిన ఆటగాడి స్వేచ్ఛ కూడా అంతే అవసరం.