చెల్లింపుల దారి ఎవరి చేతిలో ఉంది?

సూర్యాపేట బస్టాండు దగ్గర చాయ్ తాగి, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మీరు పది రూపాయలు చెల్లించారనుకోండి. ఆ చిన్న చెల్లింపులో మూడు అంచెలున్నాయి. మీ ఫోన్‌ను నడిపేది చాలావరకు గూగుల్ వారి ఆండ్రాయిడ్. తెరపై కనిపించే యాప్ ఫోన్‌పే అయితే, అది బెంగళూరు సంస్థే గాని అందులో అధిక వాటా అమెరికాకు చెందిన వాల్‌మార్ట్‌ది. గూగుల్ పే సంగతి పేరులోనే ఉంది. మూడవ అంచె మనకు కనిపించదు. మీ బ్యాంకు నుంచి దుకాణదారు బ్యాంకుకు సొమ్ము చేర్చే యూపీఐ అది. దానిని 2016లో ప్రారంభించింది మన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్.

పరాధీనతను కొలవడానికి ఒక ప్రశ్న వేసుకోండి: ఆ సంస్థ రేపు వెళ్ళిపోతే ఏది ఆగుతుంది? యాప్ ఆగితే కోదాడ కిరాణా వ్యాపారి అదే బ్యాంకు ఖాతాను వేరే యూపీఐ యాప్‌కు కలుపుకొని, కొత్త కోడ్ అంటించుకుంటాడు. ఇబ్బందే, కాని దారి మూసుకుపోదు. అయితే ఆ రెండు యాప్‌ల మీదుగానే యూపీఐ చెల్లింపులలో అత్యధిక భాగం సాగుతోంది. ఏ యాప్ వాటా 30 శాతం మించరాదని 2020లో నియమం పెట్టారు. దాని గడువును 2026 డిసెంబరు దాకా పొడిగిస్తూ వచ్చారు. జనం అలవాటును నియమంతో మార్చడం అంత తేలిక కాదు మరి.

ఐరోపాకు చిక్కు దారి దగ్గరే వచ్చింది. యూరో ప్రాంతంలో కార్డు చెల్లింపులలో ఎక్కువ భాగం వీసా, మాస్టర్‌కార్డ్‌లపై నడుస్తాయి. 2022 మార్చిలో ఆ సంస్థలు రష్యాలో సేవలు ఆపేశాయి. అయినా అక్కడ దేశం లోపలి కార్డు చెల్లింపులు సాగాయి. కారణం, 2015 నుంచే వాటిని సొంత వ్యవస్థకు మళ్ళించుకోవడం. ఐరోపా బ్యాంకులు 2024లో 'వేరో'ను తెచ్చాయి. డిజిటల్ యూరో ఇంకా సన్నాహాల్లో ఉంది.

ఇక మిర్యాలగూడ బియ్యం మిల్లు ఆఫీసుకు రండి. లెక్కలు ట్యాలీలో రాస్తే అది బెంగళూరుదే. కాని అది నడిచేది విండోస్ మీద. ఇక్కడ యూపీఐ వంటి సొంత దారి లేదు. గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీని నడిపే నయారా ఎనర్జీపై 2025 జులైలో ఐరోపా యూనియన్ ఆంక్షలు విధించగానే, మైక్రోసాఫ్ట్ దాని సేవలను నిలిపివేసింది. నయారా ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించాక అవి తిరిగి వచ్చాయి. ఆంక్ష ఐరోపాది, కంపెనీ అమెరికాది, ఆగిన పని మన దేశంలోది!

మీ అవగాహనను సరిచూసుకోండి: మీకు తెలిసిన ఒక దుకాణమో మిల్లో ఎంచుకోండి. అక్కడ వాడే ఫోన్, యాప్, కంప్యూటర్, ఈ-మెయిల్ ఒక్కొక్కదానికి పై ప్రశ్న వేసి, ఏది ఆగితే పని ఎంతసేపు నిలుస్తుందో పది వాక్యాలలో రాయండి.