బాణం మీద మాట

(ఆదివారం ఉదయం మన కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



ఇవాళ పిల్లల చదువు గురించి ఒక చిన్న సంగతి చెబుతాను. పిల్లల చదువు అన్నాను గానీ, పెద్దవాళ్ళకూ పనికొచ్చేదే.

మా అమ్మాయి పదో గ్రేడు. మీ కుటుంబం బతుకును మార్చిన ఒక కట్టడం గురించి వ్యాసం రాయమని హిస్టరీ క్లాసులో చెప్పారు. మా నాన్నగారిది భీమవరం దగ్గర పల్లెటూరు. అందుకని ధవళేశ్వరం ఆనకట్ట ఎంచుకుంది. పన్నెండు పేజీల నోట్సు రాసింది. కాటన్ దొర, 1847లో పని మొదలు, 1852లో పూర్తి, కాలవలు, వరి పంట, అన్నీ ఉన్నాయి. చిత్తుప్రతి చూసిన టీచరు మాత్రం అడుగున ఒక్క ముక్క రాశారు: "ఇందులో నీ మాట ఏది?"

పిల్ల ఏడుపు మొహం పెట్టింది. నోట్సు తిరగేస్తే నాకూ అర్థమైంది. సగం వాక్యాలు పుస్తకంలోవే. చెయ్యి రాసింది గానీ బుర్ర రాయలేదు.

అప్పుడు మేం చేసినవి మూడు పనులు.

మొదటిది: ఒక పేజీ చదివి, పుస్తకం మూసేసి, గుర్తున్నది సొంత మాటల్లో రెండు మూడు వాక్యాలు రాయడం. తర్వాత పుస్తకం తెరిచి తప్పులు దిద్దుకోవడం. పుస్తకంలో మాటే కావాలంటే కొటేషన్ గుర్తులు పెట్టి, పేజీ నంబరు వెయ్యాలి. లేకపోతే నెల తిరిగేసరికి ఏది మనదో, ఏది పుస్తకానిదో తెలియదు.

రెండోది: కాగితానికి ఎడమ పక్క వెడల్పుగా జాగా వదిలి, అక్కడ ప్రశ్నలు రాయడం. 1950లలో కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ప్రొఫెసరు విద్యార్థులకు నేర్పిన పద్ధతి ఇది. కుడి పక్క నోట్సు, ఎడమ పక్క ప్రశ్నలు, అడుగున సారాంశం.

మూడోది బొమ్మ గీయడం. మధ్యలో విషయం రాసి చుట్టూ కొమ్మలు గీసే మైండ్ మ్యాప్ మీలో చాలామందికి తెలుసు. టోనీ బుజాన్ 1974లో బీబీసీ టీవీ ద్వారా దానికి ప్రచారం తెచ్చారు. గుర్తొచ్చినవన్నీ పోగెయ్యడానికి అది మంచిదే. కానీ దేనికీ దేనికీ ఏం సంబంధమో అది మనల్ని అడగదు. 1970లలో అదే కార్నెల్లో జోసెఫ్ నోవాక్ బృందం తయారు చేసిన కాన్సెప్ట్ మ్యాప్ అడుగుతుంది. రెండు గడులు గీసి బాణం వేస్తే చాలదు. ఆ బాణం మీద ఒక మాట రాయాలి: "ఇచ్చింది", "ఆపింది", "మార్చింది", ఇలాగ.

మా అమ్మాయి గీసింది. ఆనకట్ట నుంచి కాలవలకు బాణం, "నింపింది". కాలవల నుంచి తాతయ్య ఊరికి బాణం, "రెండు పంటలు ఇచ్చాయి". తర్వాత మా అమ్మ పుట్టిన ఊరికి ఒక గడి గీసింది. అది జంగారెడ్డిగూడెం వైపు. 2022 దాకా రెండు ఊళ్ళూ ఒకే జిల్లా. కాలవల నుంచి అక్కడికి బాణం వేసింది. దాని మీద ఏం రాయాలో తోచక ఇండియాకి ఫోన్ చేసింది.

"మా ఊరికి కాలవెక్కడిదే అమ్మలూ? అది మెట్ట. మాకు నూతులే. తర్వాతెప్పుడో బోర్లొచ్చాయి. మీ తాతయ్య సంబంధం వచ్చినప్పుడు మా నాన్న మొట్టమొదట అడిగిందేమిటో తెలుసా? 'పొలం కాలవ కిందేనా?' అని!" అంది మా అమ్మ.

నీరు పల్లమెరుగు అన్నారు కదా. ఆనకట్ట నీళ్ళు పల్లానికే పోయాయి. ఒకే జిల్లాలో రెండు రకాల బతుకులు ఏర్పడ్డాయి, పెళ్ళి సంబంధాలు కూడా ఆ లెక్కనే కుదిరాయి. ఇదీ మా అమ్మాయి సొంత మాట. వ్యాసం మళ్ళీ మొదటినుంచి రాసింది. ఆ బాణం ఖాళీగా ఉండకపోతే ఆ ఫోనూ లేదు, ఆ మాటా మాకు తెలిసేది కాదు. మా అమ్మకి ఎనభై దాటాయి.

ఇది పిల్లల ఆట అనుకోకండి. 1837లో డార్విన్ తన నోటుబుక్కు ముప్ఫయ్యారో పేజీలో, "నాకనిపిస్తోంది" అనే అర్థం వచ్చే రెండు మాటలు రాసి, కింద కొమ్మల చెట్టు ఒకటి గీశాడు. వంకర టింకర గీతలు. అప్పటికి వాక్యం పూర్తి కాలేదు, ఆలోచన మాత్రం కాగితం మీద మొదలైంది. పుస్తకం 1859లో గానీ రాలేదు. అందులో ఉన్న ఒకే ఒక్క బొమ్మ కూడా కొమ్మలుగా చీలే బొమ్మే.

చివరగా ఒక జాగ్రత్త. రంగు పెన్నులతో అందంగా గీయడం మీద మోజు పడకండి. కొట్టివేతలు లేని బొమ్మ చాలాసార్లు కాపీ కొట్టిన బొమ్మే. కంప్యూటరు మీదా, కాగితం మీదా అన్న పేచీ కూడా వద్దు. ఎక్కడ రాసినా, చదివింది మన మాటల్లోకి మారిందా లేదా అన్నదే ముఖ్యం.

ఈ వారం పిల్లలతో కూర్చుని ఒక కాగితం మీద మీ ఊరు గీయండి. బాణాలు వెయ్యండి. మాట దొరకని బాణం ఒకటి కచ్చితంగా తగులుతుంది. దాని కోసం ఇంట్లో పెద్దవాళ్ళకి ఫోన్ చెయ్యండి, ఆలస్యం చెయ్యకుండా.

ఉంటాను. సెలవు.