హాకిన్సు క్రూజరు, మస్కట్టు మీఁదికి వచ్చిన జలాంతర్గామి

జలాలీ, మీరానీ దుర్గములు రెండును చెరియొక కొండపైఁ గావలి కాయుచుండ, నడుమ నొదిగియున్న మస్కట్టు రేవులో, వచ్చిపోవు నావికులు తమ యోడల పేళ్లను చుట్టునున్న రాళ్లపైఁ బెద్ద యక్షరములతో వ్రాసిపోవుట చిరకాలపు టాచారముగా నుండెను. అంతటి భద్రమైన రేవులోనే, 1943 జూన్ 28న, ‘డా పూ’ అను నార్వే సరకుల యోడ ‘ఐ-27’ అను జపాను జలాంతర్గామి టార్పిడోచే మునిఁగిపోయెను.

దాని స్థావరమైన పెనాంగు ఎక్కడ, మస్కట్టున్న ఒమాను ఎక్కడ! అయినను ఒక్కసారి నింపుకొన్న చమురుతో 14,000 నాటికల్ మైళ్లు పోఁగల యా జలాంతర్గామికి ఇది దూరము కాదు. దాని టార్పిడోలలో గాలికి బదులు శుద్ధమైన ఆమ్లజనితో కిరసనాయిలు మండును. నత్రజని లేకుండుటచే బుడగలు స్వల్పము. కావున టార్పిడో వచ్చు జాడను ఓడపైవారు కనిపెట్టుట మిక్కిలి కష్టము.

ఎనిమిది మాసములు గడువకముందే ఆ జలాంతర్గామికి ఎదురైన హాకిన్సు అను బ్రిటిషు క్రూజరు వేఱొక కాలపు భయమునుండి జన్మించినది. 1914లో మద్రాసుపై గుండ్లు కురిపించిన ఎండెన్ వంటి జర్మను నౌకలు వర్తకపు టోడలను వేఁటాడుచుండఁగా, అట్టివానిని ఏ మహాసముద్రమందైనను తఱిమి పట్టుటకై, 190 మిల్లీమీటర్ల ఫిరంగులు ఏడింటితో బ్రిటిషువారు దీనిని సంకల్పించిరి. 1917లో చాతమునందు జలప్రవేశము చేసి, 1919లో పూర్తియగునప్పటికి యుద్ధమే ముగిసినది. కాని 1922 నాటి వాషింగ్టన్ ఒప్పందము క్రూజరులకు 10,000 టన్నులు, 203 మిల్లీమీటర్ల ఫిరంగి అను మేర విధించినప్పుడు, అందఱి దృష్టియందును ఉన్నది ఈ హాకిన్సు తరగతియే. ఆ మేరవఱకుఁ బోటీపడి దేశములు కట్టుకొన్నవే హెవీ క్రూజరులు. హాకిన్సు ఘనత దాని యుద్ధములకంటె ఈ కొలతయందే యెక్కువగా నున్నదని నా యభిప్రాయము.

రెండవ యుద్ధమున, 1941 ఫిబ్రవరిలో, సోమాలీ తీరమందలి కిస్మాయు రేవునుండి పాఱిపోఁజూచిన శత్రువుల వర్తక నౌకలను పట్టుకొనుటలో ఇది పాల్గొనెను. అది తాను పుట్టుటకుఁ గారణమైన పనియే. 1944 ఫిబ్రవరి 12న మాల్దీవులచెంత వచ్చిన పరీక్ష యట్టిది కాదు. మొంబాసానుండి కొలంబోకుఁ బోవు సైనికుల యోడలు అయిదింటికి హాకిన్సును, పెటార్డు, పలాడిన్ అను రెండు డిస్ట్రాయరులును రక్షకులు. ఐ-27 వేసిన టార్పిడోలు రెండు తగిలి, ఆ యయిదింటిలో నొకటియైన ‘ఖెదీవ్ ఇస్మాయిల్’ రెండు నిమిషములైనఁ దేలియుండక మునిఁగెను. 1,297 మంది మరణించిరి, వారిలో నర్సులును ఉండిరి. నీటిపైఁ గనఁబడు శత్రువునకై పోసిన ఫిరంగులు నీటిలోనివాని నేమి చేయఁగలవు? ఆ భారము డిస్ట్రాయరులపైఁ బడెను. జలాంతర్గామి యీఁదుచున్నవారి క్రిందనే దాఁగియుండుటచే, తమవారి నడుమనే జలబాంబులు విడువవలసివచ్చినది. ఆ యాజ్ఞ యిచ్చినవాని హృదయము నూహించుటకే భయమగును. తుదకు పైకి తేలిన ఐ-27ను పెటార్డు వేసిన ఏడవ టార్పిడో ముంచినది.

హాకిన్సు ఫిరంగులకుఁ దగిన పని అదే సంవత్సరము జూన్ 6న, నార్మండీలోని యూటా తీరమందు, జర్మను ఫిరంగి స్థానములపై దొరికెను. 1947లో ఆ యోడ తుక్కుక్రింద విక్రయింపఁబడెను.