వాన కోరి సర్పాలతో నృత్యం

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, ఈశాన్యాన, ఎడారి నడుమ నిలిచిన రాతిదిమ్మెలపై హోపీ జాతివారి గ్రామాలున్నాయి. అక్కడ నిత్యం పారే ఏరు లేదు; వాన కురిస్తేనే మొక్కజొన్న పండుతుంది. పైరు నీటికి ముఖం వాచే ఆగస్టు మాసంలో వారి సర్పక్రతువు వస్తుంది. ఒక గ్రామంలో అది ఏడాది విడిచి ఏడాది జరుగుతుంది.

సర్పసంఘంవారు నాలుగు రోజులపాటు నాలుగు దిక్కులా తిరిగి పాములను పట్టి తెస్తారు. వాటిలో విషం లేనివీ ఉంటాయి, తోక చివర గిలక ఆడించే రాటిల్‌స్నేక్‌లూ ఉంటాయి. భూగర్భ మందిరంలో వాటికి స్నానం చేయిస్తారు. చివరి సాయంకాలం నర్తకుడు పామును నోట కరచుకొని అడుగులు వేస్తూంటే, వెనుక నడిచే తోడు మనిషి గద్ద ఈకల కట్టతో దాని దృష్టి మళ్లిస్తూంటాడు. నృత్యం ముగిశాక పాములను మోసుకొని పరుగెత్తి మళ్లీ ఆ దిక్కులలోనే వదలివేస్తారు. మనుషుల మొరను పాతాళ దేవతలకు విన్నవించే దూతలవి. 1913లో థియొడోర్ రూజ్‌వెల్ట్ వాల్పీ గ్రామంలో ఈ క్రతువును తిలకించాడు.

చూచినవారందరిదీ ఒకటే సందేహం: కాటు పడితే? నృత్యానంతరం నర్తకులు మూలికల కషాయం తాగి వాంతి చేసుకొంటారు. అదే విరుగుడని లోకం తీర్మానించింది! నిజానికి అది శుద్ధికర్మ. క్రతువులో సోకిన సర్పశక్తిని విడనాడి మామూలు జీవితానికి మరలడానికి. రక్తంలో కలిసిన విషం కడుపు కడిగితే పోదు. ఆ రోజులలోనే తెల్లవారు పాముకాటుకు విస్కీ పట్టించేవారు గనుక, హోపీలను చూచి నవ్వే అర్హత వారికి లేదు.

1883లో క్రతువునుండి తెచ్చిన రాటిల్‌స్నేక్‌లను పరీక్షించగా విషం ఉన్నట్లే తేలింది. 1930లలో నృత్యం తరువాత పట్టిన ఒక పాముకు కోరలు కోసివేసి ఉన్నాయి. కెమేరాల తాకిడికి విసిగిన హోపీలు మొదట ఫొటోలను నిషేధించారు. క్రమంగా బయటివారికి తలుపులే మూసివేశారు.

అసలైన విరుగుడు వేరొక దారిన వచ్చింది. గుర్రానికి కొద్దికొద్దిగా విషమెక్కించి, దాని రక్తంనుండి తీసిన సీరం 1927లో అమెరికాలో లభ్యమైంది. 2000లో ఆమోదం పొందిన మందును గొర్రెల రక్తంనుండి తీస్తారు. రాటిల్‌స్నేక్ విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు, కాటు చుట్టూ కండను కుళ్లబెడుతుంది. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం ఆ హానిని పెంచేవే. కరచిన అవయవాన్ని కదలనీయక, రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. అయితే ఆ సీరం మన పాములకు పనికిరాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషాలకు విరుగుడు మన దేశంలోనే వేరుగా తయారవుతున్నది.