తెల్లవారితే శుక్రవారం

రండర్రా, చాప ఇటు లాగి కూర్చోండి. మరమరాల గిన్నె మధ్యలో పెట్టండి, నూనె చేతులతో ఫోను మాత్రం ముట్టుకోకండి. ఇంటర్నెట్‌లో ఉన్న మన ఫొటోలన్నీ డైరీలోకి, ఏ రోజువి ఆ రోజు పేజీలోకి, వాటంతట అవే వెళ్లేలా చేయొచ్చా అని అడిగారు కదా. భేషుగ్గా చేయొచ్చు. చేసి తీరాలి కూడా. మీ అత్తలూ బాబాయిలూ కాలేజీలో ఉండగా ఫొటోలన్నీ ఆర్కుట్‌లో పెట్టేవారు. 2014 సెప్టెంబరు 30న దాన్ని మూసేశారు. 2016లో పికాసా పోయింది. డబ్బు కట్టనివాళ్లు వెయ్యి ఫొటోలు మించి పెట్టుకోకూడదని 2018లో ఫ్లికర్ చెప్పేసింది. అందుకే ఒక ప్రతి మన ఇంట్లో ఉండాలి.

తెచ్చుకోవడం పెద్ద పనేం కాదు. గూగుల్‌లో టేకౌట్ అని ఉంది, అడిగితే అన్నీ మూటగట్టి ఇచ్చేస్తుంది. అసలు పని ఆ తర్వాతే. మన ఖరగ్‌పూర్ మీదుగా వెళ్లే మెయిలు బండ్లలో ఆర్‌ఎంఎస్, అంటే రైల్వే మెయిల్ సర్వీసు, వాళ్లు రాత్రంతా నిలబడి ఉత్తరాలు వేరు చేసేవారు. చిరునామా చూడటం, గడిలో పడేయడం, అంతే. లోపల ఏం రాసుందో వాళ్లకి అక్కర్లేదు. మనం రాసుకునే ప్రోగ్రామూ అలాంటిదే. ఫొటోలో ఎవరున్నారో చూడదు, తారీఖు చూసి ఆ పేజీలో పడేస్తుంది.

మరి తారీఖు ఎక్కడుంటుంది? ఫొటో ఫైలులో బొమ్మ ఒక్కటే ఉండదర్రా. ఎగ్జిఫ్ అని 1995లో జపానువాళ్లు పెట్టిన పద్ధతి ఒకటుంది. కెమెరా ఏది, ఎప్పుడు తీశారు, జీపీఎస్ ఉంటే ఎక్కడ తీశారు, ఇవన్నీ ఫొటోలోనే కనబడకుండా రాసి ఉంటాయి. విప్పి చూస్తే సంవత్సరం, నెల, రోజు వరసగా, మధ్యలో రెండేసి చుక్కలతో ఉంటాయి. ఆ టైము మన గోడ గడియారం టైమే. కానీ టేకౌట్ ఫొటోతోపాటు ఇచ్చే చిన్న ఫైలులో ఇంకో లెక్క ఉంటుంది. 1970 జనవరి 1న గ్రీనిచ్‌లో అర్ధరాత్రి అయిన దగ్గర్నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో ఆ అంకె.

ఇక్కడే జాగ్రత్తగా వినండి. మీ పెద్దత్త పెళ్లి ముహూర్తం రాత్రి 3 గంటలకి. శుభలేఖలో ఏమని వేయించాం? గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం అని. ఫోను లెక్కలో అది శుక్రవారమే. గ్రీనిచ్‌లో మాత్రం ఇంకా గురువారం రాత్రి తొమ్మిదిన్నర. సెకన్ల అంకెకి ఐదున్నర గంటలు కలపకపోతే తలంబ్రాల ఫొటో గురువారం పేజీలోకి పోతుంది. అలాగని ఎగ్జిఫ్ టైముకి కూడా కలిపారనుకోండి, సాయంత్రం ఏడింటికి విడిదింట్లో తీసిన ఫలహారాల ఫొటో అర్ధరాత్రి దాటి మర్నాటి పేజీలో పడుతుంది. దేనికి కలపాలో దేనికి కలపకూడదో ప్రోగ్రాముకి విడమరిచి చెప్పాలి.

ఇందులో నాకు భలే నచ్చిన సంగతొకటి ఉంది. గ్రీనిచ్‌లో తారీఖు మారేసరికి మనకి ఉదయం ఐదున్నర, ఇంచుమించు పొద్దుపొడిచే వేళ. మన పంచాంగంలో వారం మారేది సూర్యోదయానికే! పెళ్లి గురువారమే అయిందని మీ నాన్నమ్మ పట్టుబడుతుందే, గ్రీనిచ్ కూడా ఆవిడ పక్షమే. అయినా డైరీలో శుక్రవారమే ఉంచండి, మిగతా ఫొటోలన్నీ క్యాలెండరు లెక్కలోనే ఉన్నాయి కదా.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలతో ఇంకో చిక్కు. దారిలో ఎగ్జిఫ్ ఊడిపోతుంది. పేరులో తారీఖు ఉంటుంది కానీ అది మనకి అందిన రోజు, తీసిన రోజు కాదు. వాటిని విడిగా ఉంచమనండి.

పాత నలుపు తెలుపు ఫొటోలకైతే స్కాన్ చేసిన రోజే పుట్టినరోజు అనుకుంటుంది కంప్యూటరు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బీఎన్ఆర్, అంటే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, పనికి వచ్చి, ఇక్కడే ఉండిపోయిన మన పెద్దవాళ్ల ఫొటోలన్నీ నిన్నా మొన్నా తీసినట్టు డైరీలో చేరితే ఎలా? ఆనవాళ్లు వెతకాలి. మన స్టేషను ప్లాట్‌ఫారం 1072 మీటర్ల పైచిలుకు, ప్రపంచంలోకెల్లా పొడవైనదని చెప్పుకునేవాళ్లం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి మనల్ని దాటేశాయి. ఫొటో వెనక ఎవరైనా ‘ప్రపంచంలో పొడవైన ప్లాట్‌ఫారం మీద’ అని రాసి ఉంటే అది 2013కి ముందుదని ఊహించొచ్చు. అలా తేలినదానికి తారీఖు పక్కన ‘సుమారు’ అని మీరే రాయాలి, అది ప్రోగ్రాము పని కాదు.

ముందు ఆ పెళ్లి ఫొటోల మీద నడిపి చూడండి. అవి సరిగ్గా కూర్చుంటే మిగతావి వదలండి. పాతవి స్కాన్ చేసేటప్పుడు వెనకవైపు కూడా చేయండి. స్టూడియో ముద్ర, ఊరు, పెన్సిలుతో రాసిన పేర్లు అన్నీ అటే ఉంటాయి.