విదేశీ విద్య: విశ్వవిద్యాలయమును ఎన్నుకొనుట ఎట్లు?

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారి నుండి అద్దంకి రహదారి చీలుచోట నార్కట్‌పల్లి ఉన్నది. ఈ దారిని పట్టణములకు వడ్లు, పత్తి, బత్తాయిలు పోవుట చిరకాలముగా ఎఱిగినదే. ఇప్పుడు విదేశములకు చదువుకొనబోవు బిడ్డలును ఈ దారినే పోవుచున్నారు. అమెరికాలోనో, బ్రిటనులోనో, జర్మనీలోనో చదువుచున్న కొడుకో కూతురో కల కుటుంబము నల్లగొండ జిల్లా గ్రామములలో కనిపించుట నేడు వింత కాదు. ఇది సంతోషింపదగిన విషయము. కాని ఆ చదువు కొఱకు తలిదండ్రులు తాకట్టు పెట్టునది తఱచుగా ఉన్న ఒక్క ఇల్లు, లేదా ఎకరము రెండెకరముల భూమి. కావున ఏ విశ్వవిద్యాలయమును ఎన్నుకొనవలెనను ప్రశ్న విద్యార్థి ఒక్కనిది కాదు, కుటుంబమంతటిది. ఇట్టి సమయమున గ్రామస్థులు సలహా కొఱకు పంచాయతీ సభ్యుల వద్దకు వచ్చుట సహజము గనుక, ఈ విషయమును ఇచట కొంత వివరించుచున్నాము.

చదువు ముందు, వీసా తరువాత

విదేశీ విద్య మనకు క్రొత్త కాదు. 1913లో డాక్టరు అంబేద్కర్ బరోడా సంస్థానపు విద్యార్థి వేతనముతో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు వెళ్లి అర్థశాస్త్రము నభ్యసించిరి. పిమ్మట యల్లాప్రగడ సుబ్బారావు ఉష్ణదేశములలో ప్రబలు వ్యాధులను గుఱించి చదువగోరి బోస్టను చేరి హార్వర్డులో ప్రవేశించిరి. ఏమి చదువవలెనో ముందు తేలిన పిదపనే ఎచట చదువవలెనను ప్రశ్న వచ్చును.

నేడు ఈ వరుస తలక్రిందులగుచున్నది. ముందు దేశము, పిమ్మట వీసా, కట్టకడపట ఏజెంటు చేతిలోని జాబితా నుండి ఒక విశ్వవిద్యాలయము: ఇట్లు అనేక కుటుంబములు నిర్ణయించుకొనుచున్నవి. విశ్వవిద్యాలయము చదువునకు గాక వీసాకు సాధనమైనచో ఏమగునో రెండు ఉదంతముల వలన తెలియును.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందలి ప్లెజంటన్ పట్టణమున ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయమను సంస్థ ఉండెడిది. విదేశీ విద్యార్థులను చేర్చుకొనుటకు దానికి అనుమతియు ఉండెను. 2011 జనవరిలో అధికారులు దానిని సోదా చేసి మూసివేసిరి. అందు చేరిన సుమారు 1,500 మందిలో పెక్కుమంది అప్పటి ఆంధ్రప్రదేశమునకు చెందిన తెలుగు విద్యార్థులు. సగమునకు పైగా విద్యార్థులు ఒకే గృహపు చిరునామాలో నివసించుచున్నట్లు రికార్డులలో వ్రాయబడియుండెను. కొందఱు విద్యార్థుల కాళ్లకు వారి కదలికలను తెలుపు రేడియో పట్టీలు తగిలించిరి. ఆ సంస్థ స్థాపకురాలికి 2014లో పదునారేండ్లకు పైబడిన కారాగార శిక్ష పడినది. కాని విద్యార్థులు కట్టిన ఫీజు, పోయిన కాలము తిరిగి వచ్చునవి కావు.

రెండవది 2019 జనవరిలో జరిగినది. మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమను పేర ఒక సంస్థను అమెరికా అధికారులే, వీసా మోసములను పట్టుకొనుటకై, రహస్యముగా నడిపిరి. దానికి పేరు, కార్యాలయము, ఇంటర్నెట్‌లో ప్రకటన అన్నియు ఉండెను. తరగతులు లేవు, అధ్యాపకులు లేరు. మొదట నిర్బంధింపబడిన 130 మంది విద్యార్థులలో 129 మంది భారతీయులు. వారిలో తెలుగువారే ఎక్కువ. విద్యార్థులను చేర్పించిన దళారులు ఎనిమిదిమందిపై నేరము మోపబడినది. ఆ దళారులును తెలుగువారే.

ఈ రెండింటి నుండి గ్రహింపవలసినది ఒక్కటే. సులభముగా సీటు వచ్చును, తరగతులకు పోనక్కఱలేదు, మొదటి దినము నుండియే ఉద్యోగము చేసికొనవచ్చును అని ఎవరైన చెప్పినచో, అది విశ్వవిద్యాలయపు గొప్పతనము కాదు, అపాయమునకు గుర్తు.

గుర్తింపును సరిచూచుట

ప్రతి దేశమును విదేశీ విద్యార్థులను చేర్చుకొన అర్హత గల సంస్థల జాబితాను ప్రకటించుచున్నది. అమెరికాలో ఈ జాబితాను అంతర్గత భద్రతా శాఖ ఉంచును. విద్యా ప్రమాణముల గుర్తింపును తెలుపు జాబితా ఆ దేశపు విద్యాశాఖ వద్ద వేరుగా ఉండును. బ్రిటనులో విద్యార్థులను పిలిపించుకొనుటకు లైసెన్సు గల సంస్థల పట్టికను హోమ్ శాఖ ప్రకటించును. కెనడాలో ప్రతి అర్హ సంస్థకును డీ.ఎల్.ఐ. సంఖ్య ఉండును. ఆస్ట్రేలియాలో క్రికాస్ అను రిజిస్టరులో సంస్థ పేరే గాక, విద్యార్థి చేరదలచిన కోర్సు పేరును ఉండవలెను. జర్మనీకి పోవు భారతీయ విద్యార్థులు 2022 నవంబరు నుండి తమ సర్టిఫికెట్లను ఏ.పీ.ఎస్. అను కార్యాలయముచే తనిఖీ చేయించుకొనవలసియున్నది.

ఈ జాబితాలను ఇంటర్నెట్‌లో ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. అయితే జాబితాలో పేరుండుట మొదటి మెట్టు మాత్రమే. ట్రై-వ్యాలీకి అనుమతి ఉండినదని మఱువరాదు. కావున పిమ్మట అడుగవలసిన ప్రశ్నలు ఇవి. వారములో ఎన్ని తరగతులు జరుగును? బోధించు అధ్యాపకులెవరు? వారి చదువేమి? ఇదివఱకు అచట చదివి ముగించిన మన ప్రాంతపు విద్యార్థులు ఎవరైన ఉన్నారా? ప్రవేశ పత్రము చేతికి వచ్చిన వెంటనే విద్యార్థియే విశ్వవిద్యాలయమునకు నేరుగా వ్రాసి, ఆ పత్రము నిజమైనదేనా అని రూఢి చేసికొనవలెను. ఫీజును విశ్వవిద్యాలయపు ఖాతాకే చెల్లింపవలెను. ఏజెంటు సొంత ఖాతాకు చెల్లింపరాదు.

ఏజెంటులందఱును మోసగాండ్రని మా అభిప్రాయము కాదు. కాని పలువురు ఏజెంటులకు తాము చేర్పించిన విద్యార్థుల లెక్కన విశ్వవిద్యాలయములే కమీషను ఇచ్చుచుండును. కావున వారి జాబితాలో లేని మంచి విద్యాలయము ఉండవచ్చును. ఉన్నది మంచిది కాకపోవచ్చును. అమెరికా చదువులను గుఱించి ఆ దేశ ప్రభుత్వ సహాయముతో నడచు ఎడ్యుకేషన్ యూ.ఎస్.ఏ. సలహా కేంద్రములు హైదరాబాదులో ఉన్నవి. అచట విచారించి రావచ్చును.

డిగ్రీ మన దేశమున చెల్లునా?

విదేశీ డిగ్రీతో తిరిగివచ్చి ఇచట ఉద్యోగము చేయదలచువారు, పై చదువులకు పోదలచువారు ఆ డిగ్రీ మన డిగ్రీతో సమానమని ధ్రువీకరణ పొందవలెను. ఇందుకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2025లో క్రొత్త నియమములను ప్రకటించినది. వైద్యము, న్యాయశాస్త్రము వంటి వృత్తి విద్యలకు ఆయా మండలుల నియమములు వేరుగా ఉన్నవి.

వీనిలో వైద్యవిద్యను గుఱించి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. నార్కట్‌పల్లిలో కామినేని వైద్య కళాశాల ఉన్నది; 2019లో నల్లగొండ, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి. ఇచట సీటు రానివారు, ప్రైవేటు ఫీజు కట్టలేనివారు విదేశముల వైపు చూచుట సహజము. అట్టివారును నీట్ పరీక్షలో అర్హత పొందితీరవలెను. 2021 నవంబరులో జాతీయ వైద్య మండలి ప్రకటించిన నియమముల ప్రకారము, విదేశములో చదువు 54 నెలలకు తక్కువ కారాదు; ఆపై అదే సంస్థలో 12 నెలలు ఆసుపత్రి శిక్షణ పొందవలెను; బోధన ఇంగ్లీషులో జరుగవలెను; ఆ పట్టముతో ఆ దేశమందే వైద్యము చేయుటకు అర్హత ఉండవలెను. వీనిలో ఏ ఒక్కటి లోపించినను ఇచట వైద్యుడుగా నమోదు కాజాలడు. అన్నియు సరిగా ఉన్నను, తిరిగివచ్చిన పిదప అర్హత పరీక్షలో 300 మార్కులకు 150 తెచ్చుకొనవలెను. ఈ పరీక్షకు కూర్చున్నవారిలో అధికభాగము ఉత్తీర్ణులగుట లేదు. తక్కువ ఫీజు అను ఒక్క కారణమున కళాశాల నెన్నుకొనుట ఎంతటి పొరపాటో దీనివలన తెలియును.

ఖర్చు, అప్పు, వడ్డీ

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. ఇంటి అద్దె, భోజనము, ఆరోగ్య బీమా, విమానపు టికెట్టు, వీసా ఖర్చులు అన్నియు చేర్చి, చదువు ముగియువఱకు ఎంత అగునో కాగితముపై వ్రాసికొనవలెను. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములు పెక్కింట బోధన రుసుము లేదు. అయినను 2024 సెప్టెంబరు నుండి ఒక సంవత్సరపు జీవనవ్యయము క్రింద 11,904 యూరోలను ప్రత్యేక ఖాతాలో ముందుగా చూపవలసియున్నది.

బ్యాంకు నుండి 30 లక్షల రూపాయలు ఏటికి నూటికి 11 రూపాయల వడ్డీకి తెచ్చినామనుకొందము. నెలకు వడ్డీయే 27,500 రూపాయలు. చదువుచున్న కాలమున వాయిదాలు కట్టనక్కఱలేకున్నను వడ్డీ ఆగదు. రెండేండ్లలో 6 లక్షల 60 వేలు పెరుగును. గ్రామములో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి 10 లక్షలు తెచ్చినచో, నెలకు 20 వేల చొప్పున రెండేండ్లలో 4 లక్షల 80 వేలగును. కావున బయటి అప్పునకు పూర్వము బ్యాంకును, విద్యాలక్ష్మి పోర్టలును చూడవలెను.

చదువుకొనుచు సంపాదించి అప్పు తీర్చవచ్చునను మాటను నమ్మరాదు. అమెరికాలో విద్యార్థి తరగతులు జరుగు కాలమున విశ్వవిద్యాలయ ఆవరణములోనే, వారమునకు 20 గంటలకు మించక పని చేయవచ్చును. అనుమతి లేక బయట పని చేసినచో వీసాకే ముప్పు. బ్రిటనులోను చదువు కాలమున పరిమితి 20 గంటలే. ఆ సంపాదన చేతిఖర్చునకు తోడ్పడును గాని ఫీజునకు సరిపోదు.

ప్రభుత్వ సహాయము

షెడ్యూల్డు కులములు, తెగల విద్యార్థులకు అంబేద్కర్ విదేశీ విద్యానిధి, వెనుకబడిన తరగతులకు మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేర విదేశీ విద్యా సహాయము తెలంగాణలో ఉన్నవి. ఎంపికైనవారికి 20 లక్షల రూపాయల వఱకు సహాయము లభించును. కుటుంబ ఆదాయము, వయస్సు, డిగ్రీ మార్కులు ఎంపికలో చూతురు. కేంద్ర ప్రభుత్వపు జాతీయ విదేశీ విద్యార్థి వేతనమునకు షెడ్యూల్డు కులములవారే గాక, భూమి లేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతిపనివారల బిడ్డలును అర్హులు. దీనికి ప్రపంచ శ్రేణిలో మొదటి 500 విశ్వవిద్యాలయములలో ప్రవేశము పొందియుండవలెను. కనుక మంచి విశ్వవిద్యాలయమును ఎన్నుకొనుట సహాయము పొందుటకును మార్గమే.

పంచాయతీ సభ్యులు చేయదగినది

విశ్వవిద్యాలయమును ఎన్నుకొనుట పంచాయతీ పని కాదు. కాని తాకట్టు కాగితముపై సంతకము పడకపూర్వము నాలుగు ప్రశ్నలు అడిగించుట సభ్యుల చేతిలోని పని: సంస్థ ప్రభుత్వ జాబితాలో ఉన్నదా? తరగతులు నిజముగా జరుగుచున్నవా? డిగ్రీ ఇచట చెల్లునా? మొత్తము ఖర్చు, వడ్డీ లెక్క వేసినారా? వీనికి సమాధానము దొరకువఱకు రూపాయి కట్టవద్దని చెప్పవలెను. గ్రామసభలో ఒకమారు ఈ విషయమును చర్చకు పెట్టి, విదేశములలో చదివి వచ్చిన యువకులను, యువతులను పిలిచి మాటలాడింపవచ్చును. ఆదాయ, కుల ధ్రువపత్రములు సకాలమున అందునట్లు చూచి, విద్యానిధుల ప్రకటనలను పంచాయతీ కార్యాలయపు బోర్డుపై అంటింపవచ్చును.

నల్లగొండ మెట్టపొలములలో రైతు బోరు వేయించుటకు ముందు నీటి జాడను పలువుర నడిగి చూచును. అప్పు చేసి వేసిన బోరు ఎండినచో ఏమగునో అతడెఱుగును. బిడ్డ చదువునకు చేయు అప్పు అంతకన్న పెద్దది. ఆ మాత్రపు విచారణ దీనికిని చేయించినచో, దూరదేశమునకు పోయిన బిడ్డ చదువుతో తిరిగివచ్చును. ఇంటివారికి భూమియు మిగులును.