కుక్కకు పేరుంది, సిపాయికి లేదు

తమిళనాడులోని ధర్మపురి ప్రభుత్వ మ్యూజియంలో అసలు సంపద వీరగల్లులే. విల్లు ఎక్కుపెట్టి, ఒంట్లో బాణాలు దిగినా ముందుకే వంగి నిలబడిన మనిషి, పక్కన వట్టెళుత్తు లిపిలో కొన్ని వరుసలు. ఆ కాస్త చోటులోనే చాలా సంగతులు ఇమిడ్చారు. ఏ రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు, ఎవరి కొలువులో ఉండేవాడు, పశువులను ఎవరు తోలుకుపోతుంటే అడ్డం పడ్డాడు, పేరేమిటి. తమిళులు వీటిని నడుకల్ అంటారు. ఈ ప్రాంతంలో 5, 6 శతాబ్దాల నుంచీ ఉన్నాయి.

పొరుగున చెంగం వైపు ఎడుత్తనూరులో దొరికిన రాయి ఇంకో అడుగు ముందుకేసింది. పల్లవ మహేంద్రవర్మ 34వ పాలనా సంవత్సరం, అంటే సుమారు క్రీ.శ. 624 నాటిది. పశువుల కోసం పోరాడి కరుందేవకత్తి అనే వీరుడు చనిపోయాడు. అతని పక్కన ఒక కుక్క బొమ్మ కూడా ఉంది. దాని పేరు కోవివన్. ఇద్దరు దొంగలను కరిచి కాపలా కాసిందని రాయి మీద చెక్కారు. 1,400 ఏళ్లు గడిచినా ఆ కుక్కను మనం పేరు పెట్టి పిలవగలం.

ఫిరంగులు వచ్చాక లెక్క మారింది. అప్పట్లో బారామహల్‌లో భాగమైన ధర్మపురి మైసూరు యుద్ధాల్లో నలిగి, 1792 శ్రీరంగపట్నం ఒప్పందంతో ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. టిప్పు సుల్తాన్ 3 కోట్ల 30 లక్షల రూపాయలు కట్టాలని, ఇద్దరు కొడుకులను తాకట్టుగా పంపాలని రాసుకున్నారు. ఆ యుద్ధాల్లో రాలిపోయిన సిపాయిల ఊసు ఒప్పందంలో లేదు.

1914 వచ్చేసరికి లెక్కలు లక్షల్లోకి వెళ్లాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం తరఫున సుమారు 13 లక్షల మంది పనిచేశారు. 74 వేల మందికి పైగా చనిపోయారు. యుద్ధం ముగిశాక మద్రాసు ప్రెసిడెన్సీలోని చాలా ఊళ్లలో చిన్న పలకలు బిగించారు. ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు. అంతే, పేర్లు లేవు. వెళ్లినవాళ్ల ఇళ్లు నాలుగడుగుల దూరంలోనే ఉన్నా రాయి మీదకు ఎక్కింది అంకె ఒక్కటే.

ఇది ఊళ్లలో జరిగిన పొదుపు మాత్రమే అయితే సర్దుకోవచ్చు. ఇరాక్‌లోని బస్రా స్మారకం చూడండి. 1929లో ఆవిష్కరించిన దాని మీద 40 వేల మందికి పైగా మృతులను స్మరించారు. వాళ్లలో అత్యధికులు భారతీయులు. బ్రిటిష్ వాళ్లకు సాధారణ సైనికుడి దాకా పేర్లున్నాయి, భారతీయుల్లో అధికారులకే పేర్లు. మిగతా సిపాయిలు తమ రెజిమెంట్ కింద ఒక సంఖ్య. మద్రాస్ సాపర్స్ వంటి దక్షిణాది దళాలు పనిచేసిన రణరంగం అదే. పేర్లు తెలియక ఇలా చేశారనడం చెల్లదు. ఫ్రాన్స్‌లోని న్యూవ్ షపెల్‌లో 1927లోనే 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కారు. జీతం ఇవ్వడానికి దొరికిన పేరు స్మారకానికి ఎందుకు దొరకలేదు?

ఈ ప్రశ్నకు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ 2021 ఏప్రిల్‌లో ఒక నివేదికతో జవాబు చెప్పింది. ఆఫ్రికా, ఆసియా ప్రాంతాలకు చెందిన 45 వేల నుంచి 54 వేల మందిని అసమానంగా స్మరించారు. కనీసం 1,16,000 మందిని పేరుతో స్మరించనేలేదు, లేదా అసలే స్మరించలేదు. ఆ సంఖ్య 3,50,000 దాకా ఉండవచ్చు. జాతి వివక్ష ఇందులో ఉందని నివేదిక ఒప్పుకుంది. బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. వందేళ్ల ఆలస్యం, అయినా లెక్కలతో సహా వచ్చింది కాబట్టి పనికొచ్చే క్షమాపణే.

రెండో యుద్ధంలో మనవాళ్లకు ఇంకా అన్యాయం జరిగింది. జపాన్ సైన్యం కట్టించిన 415 కిలోమీటర్ల సయాం-బర్మా మరణ రైలు మార్గం 1943 అక్టోబర్‌లో పూర్తయింది. అక్కడ చనిపోయిన యుద్ధఖైదీలకు థాయిలాండ్‌లోని కాంచనబురిలో ఒక్కచోటే దాదాపు 7 వేల సమాధులున్నాయి. మలయా రబ్బరు తోటల నుంచి తోలుకెళ్లిన తమిళ, తెలుగు కూలీలతో సహా చనిపోయిన ఆసియా కార్మికులు 90 వేల దాకా ఉంటారని అంచనా. వాళ్లు సైనికులు కారు గనుక కమిషన్ జాబితాలో లేరు.

సైనికుల వరకైతే వెతకడానికి దారి ఉంది. కమిషన్ డేటాబేస్ ఉచితం. రెజిమెంట్, ఇంటిపేరు, చనిపోయిన ఏడాది ఇచ్చి చూడవచ్చు. కొన్ని నమోదుల్లో తండ్రి పేరు, ఊరు, తాలూకా కూడా ఉంటాయి. పాత మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్లకు ఇంగ్లీషు దొరలు రాసిన స్పెల్లింగ్ నాలుగైదు రకాలుగా ఉంటుంది కాబట్టి, ఒకటి తగలకపోతే మరోటి వేసి చూడాలి.